జారే పట్టు

అరవై ఏళ్ళ కిందటి మాట. ఐనవిల్లి పొలిమేరలో, కాలువ గట్టును ఆనుకొని, పెంకుల షెడ్డులో ఒక చిన్న ధాన్యపు మిల్లు ఉండేది. గోడకు అవతల నల్లని ఆయిల్ ఇంజను. ఇవతల బియ్యం ఆడే హల్లరు. గోడలోని కంతగుండా బెత్తెడు వెడల్పు బెల్టు ఒకటి ఆ రెంటినీ కలుపుతూ పరుగెత్తేది. బడి వదలగానే మేము కొందరు పిల్లలం ఆ కంత దగ్గర నిలబడి ఆ బెల్టునే చూస్తూ ఉండేవాళ్ళం. తడి ఆరని ధాన్యం హల్లరులో పడినప్పుడు బెల్టు ఒక్కసారి కీచుమని అరిచేది. చక్రం మీద జారేది. కాలిన తోలు వాసన వచ్చేది. ఇంజను డ్రైవరు ముసలాయన అప్పుడు తొందరపడక, హల్లరు తలుపు తీసి, చిక్కుకొన్న ధాన్యాన్ని పుల్లతో కదిపి, మళ్ళీ మూసేవాడు. బెల్టు మళ్ళీ మామూలుగా నడిచేది.

మిల్లు యజమానికి ఈ జారుడు గిట్టేది కాదు. "బెల్టు జారినంతసేపూ నా నూనె దండుగ, నా డబ్బు దండుగ" అనేవాడు. ఒక సంక్రాంతి ముందు, పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజులలో, ఆయన బెల్టును రెండంగుళాలు కోయించి బిగువుగా కుట్టించినాడు. లోపలివైపు గుగ్గిలం పొడి కూడా రుద్దించినాడు. వారం రోజులపాటు బెల్టు అరవలేదు, జారలేదు. ఎనిమిదవ రోజున ఎవరి ధాన్యంలోనో కలిసి వచ్చిన బండి శీల ఒకటి హల్లరులో పడినది. బెల్టు జారలేదు. ఇంజను ఆగలేదు. పోత ఇనుప హల్లరు రెండుగా పగిలి, ఒక ముక్క ఎగిరి ముసలాయన కుడిచేతికి తగిలినది. ఆ చేతి రెండు వేళ్ళు తరువాత ఆయన బ్రతికినన్నాళ్ళూ ముడుచుకోలేదు.

నేను తరువాత యంత్రాల చదువు చదివి, ఒక పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినాను. బలాన్ని ఒక ఇరుసు నుండి మరొక ఇరుసుకు అందించే సాధనాల గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆ బెల్టే నా కళ్ళ ముందు మెదిలేది. ఉద్యోగ విరమణ తరువాత ఊరికి వచ్చి స్థిరపడిన నాకు, ఆ పాఠాన్ని మళ్ళీ ఒకసారి చదువుకొనే అవకాశం ఒక ఆట బండి వల్ల కలిగినది. ఈనాటి ప్రసంగం ఆ ఆట బండిని గురించే.

మా వీధి చివర ఒక పిల్లవాడున్నాడు. అతని తండ్రి ముక్తేశ్వరం రేవులో పంటు మీద పని చేసేవాడు. కువైట్‌లో ఉంటున్న మేనమామ సెలవుకు వచ్చినప్పుడు, అక్కడ ఎవరో వాడి వదిలేసిన కారు బొమ్మను ఒకదానిని ఈ పిల్లవానికి తెచ్చి ఇచ్చినాడు. బొమ్మ అన్నానే కాని, అది సంతలో దొరికే బొమ్మ వంటిది కాదు. నిజమైన పందెపు కారులో పదో వంతు పరిమాణం, మూరకు కొంచెం తక్కువ పొడవు, కిలోన్నర బరువు. ప్రతి చక్రానికీ విడివిడిగా స్ప్రింగు, నూనె పోసిన డాంపరు. చేతిలో ఒక చిన్న ప్రసారిణి. బండిలో ఒక చిన్న గ్రాహకం. మీ ఇంటి రేడియో మాట్లాడుతుంది, మీరు వింటారు. ఇక్కడ మీరు చెబుతారు, బండి వింటుంది. అంతే తేడా. పూర్వం ఇటువంటి ప్రసారిణులు సెకనుకు సుమారు 2 కోట్ల 70 లక్షల కంపనాల తరంగాలతో పని చేసేవి. ఇప్పుడు వస్తున్నవి 240 కోట్ల కంపనాలవి. వీటిలో ఒకరి బండికి మరొకరి ఆజ్ఞ వినబడే చిక్కు లేదు.

ఈ రకపు బండ్లు బాట లేని చోట పరుగెత్తడానికి పుట్టినవి. గుంతలు, మిట్టలు, ఎగురు దిబ్బలు ఉన్న మట్టి నేలే వాటి పందెపు మైదానం. 1979లో జపానుకు చెందిన టామియా సంస్థ ఇటువంటి బండ్లను అమ్మడం మొదలుపెట్టిన తరువాత ఈ వినోదం దేశదేశాలకు ప్రాకినది. 1984లో అమెరికాలో ఆర్‌సీ10 అనే బండి వచ్చినది. 1985లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని డెల్ మార్‌లో ఈ పరిమాణపు బండ్లకు తొలి ప్రపంచ పోటీ జరిగినది. పెద్దలు ఆడే ఆట అది, పిల్లలది కాదు. ఆ పోటీలలో గెలుపోటములు నిర్ణయించే భాగాలలో ఒకటి మన అరచేతిలో పావు వంతు కూడా ఉండదు. దానినే స్లిప్పర్ క్లచ్చి అంటారు. తెలుగులో జారే పట్టు అనుకొందాము.

పిల్లవాడు నా దగ్గరకు మొదటిసారి వచ్చినప్పుడు అతని చేతిలో ఒక తెల్లని పళ్ళ చక్రం ఉన్నది. నైలాను చక్రం. ఒకే చోట అయిదారు పళ్ళు వరుసగా రాలిపోయి ఉన్నవి, ఎలుక కొరికిన కొబ్బరి చెక్క మాదిరిగా.

"మాస్టారూ, ఇది మూడోదండి. ఒక్కొక్కటి తెప్పించాలంటే నాన్నకి రెండు రోజుల కూలండి. ఈసారి అమ్మ ఇవ్వనంటోందండి" అన్నాడు.

"బండిని ఎక్కడ నడుపుతున్నావురా?" అని అడిగినాను.

"దాళ్వా కోసేసిన చేలోనండి. గట్టు మీంచి ఎగిరిస్తే భలేగా పోతోందండి. కింద పడ్డాక మాత్రం మోటారు తిరుగుతోంది, చక్రాలు తిరగట్లేదండి."

ఆ పళ్ళు ఎందుకు రాలినవో తెలియాలంటే బండి గాలిలో ఉన్నప్పుడు ఏమి జరుగుతుందో ఊహించుకోవాలి. నేల మీద ఉన్నంతసేపు చక్రాలకు మట్టి అడ్డు తగులుతూ ఉంటుంది; మోటారు తన వేగాన్ని ఆ మేరకు అదుపులో ఉంచుకొంటుంది. గట్టు మీద నుండి బండి ఎగిరినప్పుడు ఆ అడ్డు లేదు. పిల్లవాడు మీట వదలడు. మోటారు నిమిషానికి ఇరవై, ఇరవై అయిదు వేల చుట్లు తిరుగుతుంది. మరుక్షణంలో చక్రాలు నేలను తాకుతవి. ఎండి బిగిసిన రేగడి వాటిని ఒక్కసారి పట్టుకొంటుంది. చక్రాలు ఆగినంత త్వరగా మోటారు ఆగలేదు. మోటారు లోపల తిరిగే ఇనుప, రాగి ముద్ద నిమ్మకాయకంటే పెద్దది కాదు. అయినా ఆ వేగంలో అది దాచుకొన్న శక్తి ఎంతో ఒక కాగితం మీద లెక్క కట్టి చూసినాను. సుమారు పన్నెండు జౌళ్ళు వచ్చినది. అంటే, ఆ బండినంతటినీ మన నడుమెత్తు నుండి నేల మీదకు జారవిడిస్తే ఎంత దెబ్బో, దాదాపు అంత దెబ్బ! అదంతా కనురెప్ప పాటులో రెండు మూడు నైలాను పళ్ళ మీద పడుతున్నది. అవి రాలక ఏమి చేస్తవి?

అందుచేతనే ఆ పళ్ళ చక్రాన్ని ఇరుసుకు గట్టిగా బిగించరు. చక్రానికి రెండు ప్రక్కలా రాపిడి బిళ్ళలు ఉంటవి. వాటిని రెండు లోహపు పళ్ళేలు నొక్కి పట్టుకొంటవి. ఆ పళ్ళేలను ఒక స్ప్రింగు నొక్కుతుంది; స్ప్రింగును ఒక నట్టు నొక్కుతుంది. నట్టు బిగిస్తే పట్టు ఎక్కువ, వదులు చేస్తే తక్కువ. మామూలు బలానికి అంతా ఒకే ముద్ద వలె తిరుగుతుంది. దెబ్బ ఒక హద్దు దాటినప్పుడు పళ్ళ చక్రం ఆ బిళ్ళల మధ్య జారుతుంది. శక్తి పళ్ళను విరిచే బదులు బిళ్ళల మీద వేడిగా మారి పోతుంది. మిల్లులో బెల్టు చేసిన పని సరిగా ఇదే.

పిల్లవాని బండిని విప్పి చూసినాను. నట్టు చివరి మర దాకా బిగించి ఉన్నది.

"ఇది ఎవరు బిగించారురా?"

"నేనేనండి. బయలుదేరేటప్పుడు లోపల జుయ్యిమని జారుతున్న చప్పుడు వస్తోందండి. స్పీడు పోతోంది కదాని బిగించేశానండి."

నాకు ఆ మిల్లు యజమాని గుర్తుకు వచ్చినాడు. ఆయన ముక్కోపి, ఈ పిల్లవాడు అమాయకుడు; కాని ఇద్దరి తర్కమూ ఒకటే.

నట్టు ఎంత బిగించాలో ఆటగాళ్ళు చెప్పుకొనే గుర్తులు రెండున్నవి. వెనుక చక్రాలను కదలకుండా చేతులతో పట్టుకొని మీట నొక్కితే, ముందు చక్రాలు కొంచెం పైకి లేవబోతూ ఉండగా పట్టు జారాలి. రెండవది, బండి ఆగిన చోటు నుండి ఒక్కసారిగా బయలుదేరినప్పుడు అడుగు, రెండడుగుల దూరం వరకు ఆ జుయ్యిమనే చప్పుడు వినబడి, తరువాత మాయమైపోవాలి. పిల్లవాడు తప్పు అనుకొన్న చప్పుడే సరియైన కొలత అన్నమాట. ఆ సాయంకాలం నట్టును రెండు చుట్లు వెనక్కు తిప్పి ఇచ్చినాను. నాలుగో చక్రం ఆ వేసవి అంతా నిలిచినది. వాళ్ళ అమ్మ నాకు ఒక సీసాడు ఆవకాయ పంపినది.

అయితే ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. ఆ వేసవిలో మేము బండిని మూడు రకాల నేల మీద నడిపి చూసినాము. గౌతమి ఒడ్డున లంకలో పొడి ఇసుక మీద నట్టు ఎంత బిగించినా ఏమీ కాలేదు. ఇసుకలో చక్రమే జారుతుంది. పళ్ళ దాకా దెబ్బ రాదు. కొబ్బరి తోటలోని మెత్తని ఒండ్రు మీద మధ్యస్థంగా ఉన్నది. కోత అయిపోయి, నీరు తీసి, ఎండకు నెరియలు విచ్చిన చేలోనే అసలు ప్రమాదమంతా. నెరియ అంచును చక్రం పట్టుకొన్నదంటే ఇక వదలదు. నేలకు పట్టు ఎక్కువైన కొద్దీ బండి లోపల ఎక్కడో ఒక చోట పట్టు తగ్గించుకోక తప్పదు. ఒకే ఊళ్ళో, అర మైలు దూరంలో, ఒకే నట్టుకు మూడు కొలతలు కావలసి వచ్చినవి.

రాపిడి బిళ్ళలకు ఇంకొక దోషం ఉన్నది. బరువైన బీరువాను జరపబోయిన వారికి ఇది అనుభవమే. కదలక ముందు ఎంత బలమైనా చాలదు. ఒకసారి కదిలినదంటే తేలికగా జరుగుతుంది. రాపిడి స్వభావమే అంత. కాబట్టి బిళ్ళల పట్టు బిగుసుకొని ఉండి, ఉండి, ఒక్క కుదుపుతో వదులుతుంది. పైగా జారిన కొద్దీ బిళ్ళ వేడెక్కి, దాని ముఖం గాజు వలె నున్ననై, పొద్దున్న ఉన్న పట్టు మధ్యాహ్నానికి ఉండదు. దుమ్ము చేరినదా, లెక్క మళ్ళీ మారుతుంది.

ఈ చిక్కుకు విరుగుడుగా వచ్చినదే నూనె పట్టు. మీలో చాలమంది అరిసెలకు పాకం పట్టి ఉంటారు. పొయ్యి దించిన గిన్నెను నున్నని నేల మీద పెట్టి, ముదురు పాకంలో తెడ్డు వేసి వడిగా తిప్పినారనుకోండి. గిన్నెను రెండో చేత్తో పట్టుకోకపోతే అది కూడా తెడ్డు వెంట తిరగబోతుంది. తెడ్డు గిన్నెను తాకలేదు. మధ్యనున్న పాకమే బలాన్ని అందించినది. మెల్లగా తిప్పితే గిన్నె కదలదు. వడిగా తిప్పిన కొద్దీ లాగుతుంది. నీళ్ళలో ఎంత తిప్పినా ఏమీ కాదు. ఆ తెడ్డు స్థానంలో మోటారు వైపు పలుచని పళ్ళేలను, గిన్నె స్థానంలో చక్రాల వైపు పళ్ళేలను, ఒకటి విడిచి ఒకటిగా పేర్చి, పాకానికి బదులు చిక్కని నూనె నింపి మూత బిగించండి. అదే నూనె పట్టు.

మొదట చెప్పిన 1985 నాటి ప్రపంచ పోటీలో, నాలుగు చక్రాలకూ శక్తి అందే బండ్ల తరగతిలో గెలిచినవాడు గిల్ లోసీ జూనియర్. తరువాత లోసీ పేరుతోనే బండ్ల తయారీ మొదలైనది. 1990ల దశకంలో ఆ బండ్లకు 'హైడ్రా డ్రైవ్' అనే పేరుతో సిలికోన్ నూనె నింపిన పట్టు ఒకటి వచ్చినది. ఎండిన నేల మీద, చక్రాలు చటుక్కున గిర్రున తిరిగిపోయే చోట, బయలుదేరే కుదుపును అది మెత్తగా మింగివేస్తుందని దాని ఉద్దేశం.

బలాన్ని ద్రవం ద్వారా అందించే ఆలోచన మాత్రం ఆట బండ్లది కాదు. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు పొందినాడు. వడిగా తిరిగే ఆవిరి టర్బైనును నిదానంగా తిరగవలసిన ఓడ చక్రానికి ఎట్లా కలపడమన్నది ఆయన సమస్య. 1920లలో హెరాల్డ్ సింక్లెయిర్ అనే ఆయన లండన్ బస్సుల కుదుపులకు ఈ మందు పనికివస్తుందని పట్టుకొన్నాడు. 1930లో డైమ్లర్ కార్లలో అది అమరినది. ఇక మన దగ్గర, 1979లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టిన విజయవాడ థర్మల్ కేంద్రంలో, బాయిలర్లలోకి నీరు తోసే పెద్ద పంపులకూ మోటార్లకూ మధ్య ఉండేది నూనే. అయితే ఈ పెద్ద సాధనాలకూ ఆట బండి సాధనానికీ ఒక భేదం ఉన్నది. పెద్ద వాటిలో రెక్కలుంటవి. ఒక రెక్కల గిన్నె నూనెను విసురుతుంది, ఎదుటి గిన్నె ఆ విసురుకు తిరుగుతుంది. రెండు ఫంకాలను ఎదురెదురుగా పెట్టి ఒకదానిని నడిపితే రెండవది తిరిగినట్లు. ఆట బండిలో రెక్కలు లేవు. నూనె చిక్కదనమే పని చేస్తుంది. గనులలో బొగ్గు మోసే కన్వేయర్ల వద్ద వాడే రెక్కల జాతి పట్టుకు ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. దాని ఒంటికి తక్కువ వేడికే కరిగే లోహపు బిరడా ఒకటి ఉంటుంది. కన్వేయరు ఎక్కడైనా ఇరుక్కొని, నూనె మితిమీరి కాగినదంటే ఆ బిరడా కరిగి నూనె బయటికి పోతుంది. మోటారు ఒంటరిగా తిరుగుతూ ఉంటుంది, ఏమీ విరగదు.

ఈ కబుర్లన్నీ పిల్లవానికి చెప్పడం నా పొరపాటేమో! మరుసటి పుష్యమాసం నాటికి అతడు తన సొంత నూనె పట్టు తయారు చేయించినాడు. అమలాపురంలో ఒక లేతు షాపులో ఇత్తడి గిన్నె తరిపించి, రేకు పళ్ళేలు కోయించి, నూనె కారకుండా రబ్బరు వలయం వేసినాడు. అందులో పోసిన నూనె ఏదనుకొన్నారు? ఇంట్లో ఉన్న కొబ్బరినూనె! కోనసీమ పిల్లవాడు గదా.

తెల్లవారి ఏడు గంటలకు మంచులో బండి నడిపి చూపించినాడు. కొబ్బరినూనె సుమారు 24, 25 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. రాత్రి చలికి గిన్నెలోని నూనె వెన్న వలె పేరుకొన్నది. బండి పిడుగులా దూకి రెండు పల్టీలు కొట్టినది. పది గంటలకు నూనె కరిగినది. మోటారు హోరుమంటున్నది, బండి అంగుళం కదలలేదు. పిల్లవాడు తెల్లబోయినాడు. మరునాడు ఆముదం పోసినాడు. ఆముదం గడ్డ కట్టదు, కొబ్బరినూనె కంటే ఎంతో చిక్కన. బండి పొద్దున్నే నత్తనడక నడిచినది. మధ్యాహ్నానికి అదీ లేదు. ఇరవై డిగ్రీల దగ్గర ఆముదానికి ఉన్న చిక్కదనం నలభై దగ్గరకు వచ్చేసరికి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. మన తిండి నూనెలన్నింటి గుణమూ కొంచెం ఇంచుమించుగా ఇదే. సిలికోన్ నూనె గొప్పతనం ఇక్కడ కనబడుతుంది. ఎండకూ చలికీ దాని చిక్కదనం ఇంతగా మారదు. పైగా కావలసినంత చిక్కగా తయారు చేస్తారు. నీటి చిక్కదనం ఒకటి అనుకొంటే ఆముదానిది వేయి ప్రాంతం. ఆట బండ్లకోసం అమ్మే సిలికోన్ నూనెలు కొన్ని వందల నుండి లక్ష పైబడి ఉన్నవి. సీసా మీద ఆ అంకె వేసి అమ్ముతారు.

హైదరాబాదు నుండి సిలికోన్ నూనె వచ్చినది. పిల్లవాడు రెండు సీసాలు తెప్పించినాడు. సహజంగా అన్నింటికంటె చిక్కనిదే ముందు పోసినాడు. ఇక ఏ భయమూ లేదని పాత స్లిప్పర్ బిళ్ళలను తీసి పక్కన పెట్టినాడు. గట్టు మీద నుండి మొదటి ఎగురు. పళ్ళు రాలిపోయినవి. అదే చోట, అవే అయిదారు.

ఆ రోజు అతడు బండిని అక్కడే వదిలి ఇంటికి వెళ్ళిపోయినాడు. నేను సాయంకాలం వరకు ఆలోచించినాను. నేను చెప్పిన దానిలో లోపం ఎక్కడ ఉన్నది? పాకం ఉదాహరణలోనే జవాబు ఉన్నది. నేనే పూర్తిగా విప్పి చెప్పలేదు. తెడ్డుకూ గిన్నెకూ వేగంలో తేడా ఎంత ఎక్కువైతే నూనె లాగుడు అంత ఎక్కువ. బండి దిగిన క్షణంలో తేడా అన్నిటికంటె పెద్దది. అంటే సరిగా వదలవలసిన క్షణంలోనే చిక్కని నూనె అన్నిటికంటె గట్టిగా పట్టుకొంటుంది. రాపిడి బిళ్ళ గుణం దీనికి వేరు. దానికి ఒక హద్దు ఉన్నది. హద్దు దాటితే, ఎంత దెబ్బ వచ్చినా అంతకంటె పట్టదు. కాని హద్దు లోపల చిన్న కుదుపులను అది మెత్తన చేయలేదు. నూనె చిన్న కుదుపులకు మంచి వైద్యుడు, పెద్ద దెబ్బకు కాడు. రెండింటినీ వరుసగా ఒకదాని వెనుక ఒకటి పెట్టినప్పుడే పని పూర్తి అవుతుంది. అప్పుడు గొలుసులో బలహీనమైన కడియం ఏదో అదే హద్దు నిర్ణయిస్తుంది. ఆ కడియం రాపిడి బిళ్ళ.

మరునాడు నేనే అతని ఇంటికి వెళ్ళి, "తప్పు నీది కాదురా, నాది" అని చెప్పినాను. పలుచని రకం నూనె పోసి, పాత బిళ్ళలను తిరిగి వేసి, నట్టు కొలత చూసి బిగించినాము. బండి గట్టు దిగినప్పుడు జుయ్యిమని ఒక చిన్న మూలుగు, అంతే. ఆ చక్రం ఇప్పటికీ అతని దగ్గర ఉన్నది.

ఇంత చేసి, నూనె పట్టు పందెపు బండ్లలో నిలిచినదా అని అడిగితే, లేదనే చెప్పాలి. నేటి పోటీ బండ్లలో ఎక్కువగా కనబడేది రాపిడి బిళ్ళల స్లిప్పరే. కారణం ఊహించడం కష్టం కాదు. నూనె పట్టు బలం అందించాలంటే ఎంతో కొంత జారుతూనే ఉండాలి. తేడా సున్న అయితే లాగుడు సున్న. తిన్నని బాట మీద ఆ కొద్దిపాటి జారుడు కూడా పందెగానికి ఖర్చే. గిన్నె బరువు ఒకటి, కారిపోయే భయం ఒకటి. బిళ్ళల పదార్థాలు మెరుగుపడినవి. మోటారు బయలుదేరే తీరును మెత్తన చేసే ఎలక్ట్రానిక్ సాధనాలు వచ్చినవి. తివాచీలు పరచిన మైదానాల మీద ఆడేవారిలో కొందరు స్లిప్పరును పూర్తిగా బిగించి నడుపుతున్నారు కూడా. అది వారి నేల, వారి లెక్క. నెరియలు విచ్చిన ఐనవిల్లి చేలో ఆ లెక్క పనికిరాదు.

కిందటి సార్వా కోతల నాటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. పిల్లవాని తండ్రి కౌలుకు చేసిన రెండెకరాల చేను కోతకు వచ్చినది. ఆకాశం ఆగ్నేయం వైపు నల్లబడి ఉన్నది. బంగాళాఖాతంలో వాయుగుండమని ముందు రోజే విన్నాము. కోనసీమలో కోతలనాడు ఆ మాటకు అర్థమేమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. చైను చక్రాల కోత మిషను ఉదయం చేలో దిగినది. మిషను అసలు డ్రైవరు రాత్రంతా మరొకరి చేలో కోసి వచ్చి గట్టు మీద నిద్రపోతున్నాడు, సహాయకుడు నడుపుతున్నాడు. రెండో చాలులో ఉండగా ముందు భాగం నుండి కటకటమని ఒకటే చప్పుడు. పైరును లోపలికి లాగే మరచుట్టు ఆగి ఆగి తిరుగుతున్నది. సహాయకుడు దిగి చూసి, "క్లచ్చి వదులైపోయింది, బిగించేస్తే సరి" అంటూ స్పానరు తీసినాడు.

పిల్లవాడు పరుగెత్తుకొని వెళ్ళినాడు. "అన్నా, అన్నా, బిగించకన్నా! అది వదులై కాదన్నా, ఏదో అడ్డం పడితే జారుతోందది. ముందు ఇంజను ఆపి లోపల చూడన్నా!"

సహాయకునికి కోపం వచ్చినది. "నువ్వేం మెకానిక్కువిరా?" అన్నాడు. గొడవకు డ్రైవరు లేచి వచ్చినాడు. ఒక్క క్షణం చప్పుడు విని, ఏమీ మాట్లాడకుండా ఇంజను ఆపినాడు. మరచుట్టు వెనుక, రేకుకూ దానికీ మధ్య, మూరెడు పొడవు కొబ్బరి మట్ట మొదలు అడ్డంగా దిగబడి ఉన్నది. గట్టు మీది చెట్టు నుండి ఏ రాత్రో రాలి పైరులో పడినది కాబోలు. దానిని ఇద్దరు పట్టి లాగితే కాని రాలేదు. స్పానరు తిరిగి పెట్టెలోకి వెళ్ళినది.

డ్రైవరు మిషను ఎక్కబోతూ పిల్లవానిని అడిగినాడు: "చప్పుడు నీకెట్లా తెలుసురా అబ్బాయ్?"

"నా బండిలోనూ ఉందండి ఆయ్" అన్నాడు వాడు.

నాలుగు గంటలకు కోత పూర్తి అయినది. ధాన్యం బస్తాలకెత్తి, ట్రాక్టరు మీద ఊళ్ళోకి చేర్చి, టార్పాలిను కప్పి తాళ్ళు బిగిస్తూ ఉండగా మొదటి చినుకులు పడినవి.